బ్లోయర్‌లో బంతిపూలు

కారు ఏసీ మెకానిక్‌గా పదకొండేళ్లు పనిచేసి ముప్పై మూడో ఏట రిటైరయ్యాను. నా నడుము అంతకు రెండేళ్ల ముందే రిటైరైంది; కాగితం పెట్టుకోవడంలో నేనే ఆలస్యం చేశాను. లాక్‌డౌన్లు ముగిసిన మరుసటి ఏడు బెంగళూరు మడివాళలోని ఒక షెడ్డులో సీనియర్ మెకానిక్‌ని. పైన మేస్త్రి, కింద నేల.

ఆయుధపూజ అయిన వారానికి నారాయణప్ప గారు వచ్చారు. బళేపేటలో గాజుల అంగడి, పదహారేళ్ల కారు. బ్లోయర్, అంటే ఏసీ గాలిని లోపలికి తోసే ఫ్యాన్, స్పీడు పెంచేకొద్దీ డ్యాష్‌బోర్డంతా వణికిస్తోంది.

“ఏమప్పా, పిండిమరలో కూర్చున్నట్టు ఉండాది అంటాది ఆమె,” అన్నారు.

ఆమె ఆయన భార్య సరోజమ్మ. ఊపిరితిత్తులు చెడిపోయాయి. రోజు మార్చి రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఆక్సిజన్ సిలిండరుకు స్టాండు ఈ కారులోనే ఉంది, వేరే బండి కుదరదు. దుమ్ము తగలకూడదు, అద్దాలు దించొద్దని డాక్టరు ఆజ్ఞ.

బ్లోయర్ వణికితే చూడడానికి ఒక వరుస ఉంది. ముందు మోటారు దించి, ఫ్యాన్ రెక్కల్లో చెత్త ఉందేమో చేత్తో తడమాలి. ఆ తర్వాతే బుష్, అంటే ఇరుసును పట్టి ఉంచే చిన్న గొట్టం, అరిగిందేమో చూడాలి. స్పీడుతో పాటు వణుకు పెరిగితే సాధారణంగా చెత్తే. ఇదంతా నాకు కంఠతా వచ్చు. అయితే ఆ కారులో మోటారు దించాలంటే కాళ్ల దగ్గర తలకిందులుగా పడుకోవాలి. నడుము వద్దంది. డ్యాష్‌బోర్డుకు చెవి ఆనించి, కాసేపు కళ్లు మూసుకుని, బుష్ పోయింది, మోటారు మార్చాలి అన్నాను. చెవి ఆనిస్తే జనం నమ్ముతారు. డాక్టర్లు కనిపెట్టిన పద్ధతే.

పాత మోడలు, మోటారు రావడానికి ఐదు రోజులు. అందాకా బ్లోయర్ వేస్తే కాలిపోతుందని చెప్పాను.

“మరి అద్దాలు?”

“కొంచెం దించుకోండి సార్.”

చెప్పినట్టు చేసే మనిషి. దించుకున్నారు. రెండోసారి వెళ్లినప్పుడు ఆమెను ఆసుపత్రిలోనే ఉంచేశారు.

ఆరో రోజు కారు తెచ్చారు. ఇక తప్పక తలకిందులుగా పడుకుని మోటారు దించాను. బుష్ బిగుతుగా, కొత్తదానిలా ఉంది. రెక్కల మధ్య గుప్పెడు ఎండిన బంతి రేకలు, దారంతో సహా. పాత కార్లకు గాలి వడపోసే ఫిల్టర్ ఉండదు. ముందు అద్దం కింది జాలీలో పడినదల్లా నేరుగా ఫ్యాన్‌లోకి పోతుంది. ఆ నీలం నైలాన్ దారం నాకు తెలుసు. పూజనాడు మా దగ్గరికి వాడుకగా వచ్చే కార్లన్నిటికీ మా షెడ్డే దండలు వేసింది. గుచ్చింది నేనే, జాలీ మీదుగా కట్టిందీ నేనే.

దులిపి, తుడిచి, బిగించాను. వణుకు లేదు.

“కొత్త మోటారు బాగుండాదప్పా,” అన్నారాయన. చెప్పొద్దన్నట్టు మేస్త్రి తల అడ్డంగా ఊపాడు. చెప్పేశాను: పాతదే సార్. మేం కట్టిన పూలు ఇరుక్కున్నాయి. ఆ రోజే విప్పి ఉంటే గంట పని.

ఆయన ఆ దారం చేతిలోకి తీసుకున్నారు. “పూజ మంచికే కదప్పా చేస్తిరి,” అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది; తిట్లకు నా దగ్గర జవాబులు ఉండేవి.

సరోజమ్మ ఆ కారు మళ్లీ ఎక్కలేదు. ఆసుపత్రిలో చేరిన పదో రోజున పోయారు. ఎలాగూ రెండు నెలలకు మించి ఉండేవారు కాదని డాక్టరు అన్నారట. విప్పి చూసి అన్నారో, చెవి ఆనించి అన్నారో నేను అడగలేదు.

చేయి పెట్టి చూడనిదే ఏ మోటారుకూ శిక్ష వేయకూడదు. పని మానేదాకా ప్రతి బ్లోయర్‌నీ ముందు విప్పాను. నడుములో మిగిలింది దానికే పోయింది. మరుసటి పూజ నుంచి దండ కట్టేముందు జాలీ మీద పాత పేపరు పరిచేవాణ్ని. ఆ షెడ్డులో ఇప్పటికీ పరుస్తున్నారు. ఎందుకో కొత్తవాళ్లకు తెలియదు. ఆచారం అనుకుంటున్నారు.