ఏనుగులు కనిపించే గది

దుబాయ్‌లో మా అమ్మాయి దగ్గరున్నప్పుడు, ఆఫ్రికా జలపాతం, అడవి జంతువులు చూపిస్తామని నన్నూ ట్రావెల్స్ ఆఫీసుకు తీసుకెళ్లారు. అక్కడ టికెట్లు చూసే ముటింటా అనే పిల్లది జాంబియాలో ఆ జలపాతం పక్క ఊరే.

"ఏనుగులు కిటికీ దగ్గరికే వచ్చే గది కావాలి," అన్నాడు మా అల్లుడు.

మాది ఏనుగులు చెరకు తోటల మీద పడే పలమనేరు పక్క పల్లె. ఉలిక్కిపడ్డాను. "ఏంది నాయనా, మేము డబ్బాలు కొట్టి తరిమేవాటిని నువ్వు పిలిపించుకుంటావా?"

"ఇది సఫారీ అత్తయ్యా," అన్నాడు, పేరు మారిస్తే ఏనుగుకు చెరకు మీద ఆశ పోతుందన్నట్టు.

మా అమ్మాయి నవ్వుతూ నా మాట ఇంగ్లీషులో చెప్పింది. ముటింటా నవ్వలేదు. "అలాంటి గదులుండే లాడ్జి వెనకే మా అమ్మ మొక్కజొన్న చేను. డబ్బాలకు అవి బెదరడం లేదు. ఈసారీ తినేస్తే ఏడాదంతా పస్తే. ఇంకో ఉపాయం ఉందా అమ్మా?" అని అడిగింది.

"ఎండు మిరపకాయలు పేడలో కలిపి పిడకలు కొట్టి, గట్టు మీద పొగ పెట్టమను తల్లీ."

ఆ పిల్ల అక్కడే వాళ్లమ్మకు ఫోన్ చేసింది.

తర్వాత లాడ్జిలో మూడు రోజులూ అల్లుడు కెమెరాతో కిటికీ దగ్గరే కూర్చున్నాడు. ఒక్క ఏనుగూ రాలేదు. చేను వైపు నుంచి వచ్చే ఘాటుకు తుమ్ముతూ, "ఇదేం వాసన అత్తయ్యా?" అన్నాడు.

"సఫారీ నాయనా," అన్నాను.