శంషాబాద్‌లో యాదమ్మ పెట్టిన పప్పన్నం

2011 వేసవిలో మా చెల్లెలు పద్మని తీసుకుని శంషాబాద్ వెళ్లాను, విమానం ఎక్కడానికి మాత్రం కాదు. అయిదో నెలలో కడుపు పోయాక పద్మ ఎవరితోనూ మాట్లాడడం మానేసింది. పద్మ భర్త, మా మరిది, జల్‌పల్లిలో తన అన్నగారింటికి వెళ్లి అక్కడే ఉండిపోయాడు. ఇద్దరినీ వేదిక మీద కూర్చోబెట్టి కలుపుతామని ఒక టీవీ కార్యక్రమం వాళ్లు ఫోన్ చేశారు. వాళ్లకి ఉత్తరం రాసింది నేనే. పద్మ వద్దన్నా వినకుండా ఒప్పించిందీ నేనే. తగుదునమ్మా అని అన్నిటికీ ముందుండడం నాకు అలవాటు.

ఎనిమిదికల్లా రమ్మన్నారని ఆరున్నరకే మెహిదీపట్నంలో బస్సెక్కాం. అత్తాపూర్, ఆరాంఘర్ మీదుగా గంట ప్రయాణం. బుద్వేల్ వైపు వెళ్లే దారి దాటాక రద్దీ తగ్గింది. శంషాబాద్ బస్టాండ్ నుంచి షూటింగ్ జరిగే ఫంక్షన్ హాల్‌కి ఆటోలో యాభై రూపాయలు.

"టీవోళ్ల కాడికా అక్కా? పోయేటప్పుడు మంచిగనే మాట్లాడుతరు. వచ్చేటప్పుడే ఒక్కరు నోరు తెరవరు," అన్నాడు డ్రైవర్. నేను పట్టించుకోలేదు.

హాల్లో ఒక అమ్మాయి మమ్మల్ని చిన్న గదిలో కూర్చోబెట్టి, "మీది మూడో కేసు మేడమ్," అని పద్మ చేతికి ఒప్పంద పత్రం ఇచ్చింది. మరిదిని అవతలి గదిలో ఉంచారట. పదింటికి టిఫిన్ అడిగితే వస్తుందన్నారు, పన్నెండింటికీ అదే మాట. ఒంటిగంటకి ఆ అమ్మాయే మళ్లీ వచ్చి, "కడుపు పోయిన సంగతి చెప్పేటప్పుడు కెమెరా వైపు తిరగండి," అంది. పద్మ తలూపింది. పొద్దున్నుంచి ఇద్దరం ఏమీ తినలేదు.

ఇక లాభం లేదని నేనే వెనకాల వంటల షామియానాలోకి వెళ్లాను. వంట చేస్తున్న యాదమ్మ నన్ను ఎవరని అడిగింది. మూడో కేసు తాలూకు అన్నాను. ఆమె గరిటె ఆపింది.

"కేసులకు షూటింగ్ అయినంకనే పెట్టమన్నరు అక్కా."

"ఎందుకమ్మా?"

"తిన్నోళ్లు జల్ది ఏడ్వరంట."

యాదమ్మ ఒక పళ్లెంలో అన్నం, పప్పు, గోంగూర పచ్చడి పెట్టి ఇచ్చింది. "పొద్దుగాల నుంచి చూస్తున్న, పానం ఒప్పుతలేదు. తీస్కపో. ఎవరన్న అడిగితే యాదమ్మ ఇచ్చిందని చెప్పు."

"నిన్ను పనిలోంచి తీసేస్తే?"

"తియ్యనీ. పెండ్లిళ్లకు వండుకుంట బతుకుత."

పద్మ సగం అన్నం తిని తలెత్తింది. "అక్కా, ఆయనకీ పెట్టలేదా?" అంది. పెట్టలేదన్నాను. సంతకం చేయని కాగితం కుర్చీలో వదిలేసి, తనే వెళ్లి యాదమ్మని ఇంకో పళ్లెం అడిగి, అవతలి గదిలోకి తీసుకెళ్లింది. వెనకాలే ఆ అమ్మాయి, "కెమెరా లేకుండా కలవకూడదు మేడమ్," అంటూ పరుగెత్తింది. మరిది పళ్లెం అందుకున్నాడు. అతను తింటున్నంతసేపూ పద్మ అక్కడే కూర్చుంది. పళ్లెం ఖాళీ అయ్యాక ముగ్గురం షూటింగ్ మానేసి బయటికొచ్చేశాం.

ఆ రోజు అతను మాతో రాలేదు, జల్‌పల్లికే వెళ్లిపోయాడు. ఆ వారంలోనే పద్మకి ఫోన్ చేశాడు. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు. అడగకుండా ఉండడం నాకు కొత్తే.

ఆ కార్యక్రమాన్ని అంతకుముందు నేను రోజూ మధ్యాహ్నం భోంచేస్తూ చూసేదాన్ని. నేను ముద్ద కలుపుకుంటూ చూసిన వాళ్లలో ఎందరు ఖాళీ కడుపుతో ఏడ్చారో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. యాదమ్మకి నేను జన్మంతా రుణపడి ఉంటాను. మీకూ అలాంటి పిలుపు వస్తే ఒక్క మాట: కడుపునిండా తిని బయల్దేరండి. తిన్నాక కూడా చెప్పుకోవాలనిపిస్తేనే చెప్పుకోండి.