బాలకృష్ణయ్య గురి

మా ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వీధికి ఒక రక్షణ ఉండేది. అది పోలీసులు ఇచ్చింది కాదు, దేవుడు ఇచ్చింది అసలే కాదు. మేం ఎవరి వర్గమూ కాకపోవడమే ఆ రక్షణ. చుట్టూ పల్లెల్లో రెండు వర్గాలవాళ్లూ ఎన్ని బాంబులు వేసుకున్నా, ఇంట్లో పెళ్లి వస్తే ఇద్దరూ నగలకూ చీరలకూ మా వీధికే రావాలి. తక్కెడ పట్టుకున్నవాడు ఆయుధం పట్టడని ఇద్దరికీ నమ్మకం. ఆ నమ్మకాన్ని చెడగొట్టినవాడు మా వీధి మొత్తానికీ మెత్తని మనిషి, షరాబు బాలకృష్ణయ్య. వాడి అంగడికి ఎదురుగా ఉన్న బట్టలంగడి నాది. చిన్నప్పటి నుంచీ నేస్తాలం.

పోయిన నెల వాడు పోయాడు. పెద్దదినం నాడు భోజనాల దగ్గర ఒకడు, "పాపం, శెట్టి అప్పుడు పిస్తోలు కొని ఎంత నవ్వులపాలైనాడో" అని పళ్లికిలించాడు. నాకు ఒళ్లు మండింది. అడగాల్సిన మనిషిని అడిగి, ఇదిగో, ఇది రాస్తున్నాను.

కాలేజీలో ఎన్‌సీసీ వాళ్లు బోర్లా పడుకోబెట్టి చేతికి చిన్న రైఫిల్ ఇచ్చినప్పుడు పట్టుకుంది వాడికి ఆ పిచ్చి. తండ్రి పోయాక అంగట్లో కూర్చున్నా అది వదల్లేదు. ఆదివారం వస్తే చాలు, కడప బస్సెక్కి తుపాకుల క్లబ్బుకు పోయేవాడు. అక్కడ మట్టికట్టకు ఆనించి కాగితాలు నిలబెడతారు. కాగితం మీద సున్నాలో సున్నా, నడుమ నల్లచుక్క. ఆ చుక్కను కొట్టాలి, అంతే. ఎవడూ చచ్చేది లేదు, ఎవడూ ఓడేది లేదు. "ఊపిరి బిగబట్టి గురి చూసినప్పుడు మాత్రమే నా తలకాయలో ఏ రొదా ఉండదు రామమోహనూ" అనేవాడు. మా ఊళ్లో రొద లేని చోటు దొరకడం ఎంత కష్టమో తెలిసినవాణ్ణి గనక నేను నవ్వలేదు.

క్లబ్బు పిస్తోలు అరిగిపోయి ఎడమకు లాగేది. సొంతది కొనుక్కోవాలని వాడికి అనిపించింది. కొనాలంటే లైసెన్సు కావాలి. మా జిల్లాలో ఆ రోజుల్లో లైసెన్సు ఫైలు కదలాలంటే ఒక పెద్దమనిషి మాట సాయం కావాలి. పెద్దమనుషులు ఇద్దరే, ఇవతలి వర్గం ఆయన ఒకడు, అవతలి వర్గం ఆయన ఒకడు. పేర్లు రాయను. ఇద్దరి మనవళ్లూ ఇప్పుడు ఒకే పార్టీలో కండువా కప్పుకుని తిరుగుతున్నారు. ఇవతలి పెద్దాయన భార్య వడ్డాణం మావాడే చేయించి ఇచ్చాడు. ఆ చనువుతో పోయి అడిగాడు. ఆయన ఒక్క ఫోను చేశాడు, పని అయిపోయింది. నాకు ముందే చెప్పి ఉంటే వీడి కాళ్లు విరగ్గొట్టి ఇంట్లో కూర్చోబెట్టేవాణ్ణి. ఆ ఫోనుతో వీడు ఒక వర్గం లెక్కలోకి చేరిపోయాడు. ఆ సంగతి వీడికి తప్ప అందరికీ తెలుసు.

కొనడానికి హైదరాబాదు పోయాం ఇద్దరం. తుపాకుల అంగడి ముసలాయన మాది కడప జిల్లా అనగానే ఇంకేమీ అడగలేదు. పాయింట్ థర్టీటూ రివాల్వరొకటి తెచ్చి గుడ్డ మీద పెట్టాడు. పొట్టిది, బరువైంది. "మీ పక్కవాళ్లంతా ఇదే తీసుకుంటారు సేఠ్. నడుముకు దోపుకుంటే చొక్కా కింద కనపడదు" అన్నాడు. బాలకృష్ణయ్య దాన్ని ముట్టుకోలేదు.

"కాగితం కొట్టేదానికి కావాల" అన్నాడు. ముసలాయన నా మొహం చూశాడు, వీడికేమైనా తిక్కా అన్నట్టు. అప్పుడు లోపలి నుంచి ఒక పాత పెట్టె తెచ్చాడు. అందులో ఉంది పాయింట్ టూటూ పిస్తోలు. ఎవరో ఆటగాడు విదేశం నుంచి తెప్పించుకుని తర్వాత అమ్ముకున్నాడట. గొట్టం జానెడు పొడుగు. చెక్కపిడి అరచేతికి అచ్చు తీసినట్టు చెక్కి ఉంది. తూటా నా చిటికెనవేలి గోరంత. పేలితే చేతిని వెనక్కి తన్నదు, అందుకే గురి కదలదు, అన్నాడు వీడు. నగను చూసినట్టే చూశాడు దాన్ని. చెయ్యి చాచి పట్టుకుని కళ్లు మూసుకున్నాడు, తెరిచాడు, మళ్లీ మూసుకున్నాడు. కళ్లు తెరిచిన ప్రతిసారీ గురి ఎక్కడ పెట్టాడో అక్కడే ఉండాలట. పిడి చేతికి సరిపోయిందనడానికి అదే గుర్తట.

"ఇదేందిరా, దీంతో కాకి కూడా సావదు" అన్నాను.

"సావాలని కొంటాండానా? ఇంత పొడుగుది ఎవుడన్నా నడుముకు దోపుకుంటాడా చెప్పు. చూసినోనికి తెలిసిపోతాది, ఇది ఆటదని."

వాడి తెలివి అంతవరకే. మా ఊళ్లో పిస్తోలును చూసినవాడు గొట్టం పొడుగు కొలవడని వాడికి తోచలేదు, ఆ పూట నాకూ తోచలేదు.

ఇక పుల్లన్న సంగతి. ముద్దనూరు దగ్గర పల్లె వాడిది, గొర్రెలు కాచుకునే ఇల్లు. వానలు లేక మంద సగం అమ్ముకుని బాలకృష్ణయ్య అంగట్లో పనికి చేరాడు. మా వీధిలో షావుకారు తన పెట్టె తాను మోయడు. నగలపెట్టె భుజాన పెట్టుకుని నమ్మినవాడు వెనక నడుస్తాడు, షావుకారు చేతులు ఊపుకుంటూ ముందు నడుస్తాడు. తాతల నాటి అలవాటు అది. పిస్తోలు పెట్టెకూ అదే అలవాటు వర్తించింది. ఆదివారం పొద్దున బస్టాండులో శెట్టి ముందు, తువ్వాలు కప్పిన పెట్టెతో పుల్లన్న వెనక. చూసేవాళ్లకు అది ఎట్లా కనపడిందో నేను వేరే చెప్పాలా? శెట్టి గన్‌మ్యాన్‌ను పెట్టుకున్నాడన్నారు.

పుల్లన్న మాత్రం మురిసిపోయేవాడు. అబద్ధం చెప్పడం చేతగాని మనిషి. తప్పిపోయిన గొర్రె తన మందలో కలిస్తే ఊరూరా తిరిగి ఒప్పజెప్పి వచ్చే రకం. ఊరికి పోయినప్పుడల్లా ముద్దనూరు టీ అంగట్లో కూర్చుని, "మా శెట్టి గురి జూసినాడంటే నల్లచుక్కలోనే పడాల. అన్నీ ఒగే బొక్కలోనే పోతాయి. నా కండ్లతో జూసినా" అని చెప్పేవాడు. అది నిజం. ఆ పక్క పల్లెలన్నీ అవతలి పెద్దాయన చేతిలో ఉన్నాయి. అక్కడ టీ తాగేవాళ్లకు ఆ మాట ఇంకొక రకంగా వినపడింది. ఇవతలివాళ్లు ఎవరినో కొట్టడానికి గురికాణ్ణి తయారు చేస్తున్నారు, మన ఊరివాడే దారి చూపిస్తున్నాడు, అనుకున్నారు.

ఎన్నికలు వచ్చాయి. లైసెన్సు ఉన్న ఆయుధాలన్నీ స్టేషన్లో అప్పజెప్పాలి, బాలకృష్ణయ్య కూడా అప్పజెప్పాడు. పిస్తోలు పోలీసుల బీరువాలో తాళం కింద ఉండగానే, ఉత్త చేతులతో ఇంటికి పోతున్న పుల్లన్నను ముద్దనూరు రైలు గేటు అవతల బాంబులేసి చంపారు. పుల్లన్న పెళ్లాం పెంచలమ్మ మొగుణ్ణి మొలతాడుకున్న తాయెత్తు చూసి గుర్తుపట్టింది. బాలకృష్ణయ్య అంగడి మూసుకుని లోపల గోడకు తలబాదుకుంటుంటే నేనే పోయి పట్టుకున్నాను.

మర్నాటికల్లా గోడల మీద పుల్లన్న బొమ్మ వెలిసింది. ఇవతలి పార్టీ వాళ్లు 'మా అమరవీరుడు' అని వేయించారు. బతికుండగా ఆ మనిషికి గుక్కెడు మజ్జిగ పోయని వాళ్లు. ఆ బొమ్మతో పెంచలమ్మ ఇంటికి ఇంకో చావు రాసిపెట్టినట్టయింది. అన్న పోతే పెట్టె తమ్ముడు మోస్తాడని అవతలివాళ్ల లెక్క. తమ్ముడు రామన్న పులివెందుల పక్క ఒక చీనీ బత్తాయి తోటలో దాక్కున్నాడు. వాడి కోసం జీపులు తిరుగుతున్నాయి.

పెంచలమ్మ అంగడికి వచ్చింది. మెట్టు ఎక్కలేదు, కిందనే నిలబడింది.

"అప్పా, నువ్వొచ్చి సెప్పల్ల. మా ఆయన ఎవురి మనిసీ కాదని, ఆటపెట్టె మోసినాడంతేనని. నువ్వు సెప్తే నా మరిదైనా బతుకుతాడు."

"వస్తా తల్లీ. యాడికి రమ్మంటే ఆడికి వస్తా" అన్నాడు వాడు.

ఓట్లు అయిపోయాక రాజీ పెట్టుకోవడం మా జిల్లా మర్యాద. ఎవడు గెలిచాడో తేలాక, మిగిలినవాళ్లను ఎవరిని వదిలెయ్యాలో మాట్లాడుకుంటారు. జమ్మలమడుగు బంగళాలో కూర్చున్నారు పెద్దలిద్దరూ. పోలీసులు గేటు బయట టీ తాగుతున్నారు. బాలకృష్ణయ్య స్టేషన్ నుంచి విడిపించుకున్న పిస్తోలు పెట్టెను ఆ రోజు తానే మోసుకుని వచ్చాడు. నేను తోడు పోయాను. పెంచలమ్మ వసారా కింద నేల మీద కూర్చుంది.

వీడు అన్నీ చెప్పాడు. కాలేజీ, క్లబ్బు, మట్టికట్ట. నమ్మించడానికని తను కొట్టిన కాగితాల్లోకెల్లా మంచిది ఎంచి తెచ్చాడు. తూటాలన్నీ నల్లచుక్కలోనే పడి, నడుమ ఒకే రంధ్రమైన కాగితం. దాన్ని విప్పి బల్ల మీద పరిచాడు. "ఇది కొట్టేదానికే అప్పా కొన్నాను, ఇంకేం లేదు."

అవతలి పెద్దాయన ఆ రంధ్రంలో వేలు పెట్టి చూశాడు. ఆయన మొహంలో నవ్వు పోయింది.

"ఏమప్పా శెట్టీ, ఇంత బాగా కొట్టేటోడు ఉత్తినే కాగితాలు కొడతాండాడా? పుల్లన్న చెప్పింది నిజమే అన్నమాట. ఇంగ నీకు పెట్టె మోసేది రామన్నే గదా."

ఏ మంచి కాగితాన్ని సాక్ష్యంగా తెచ్చాడో అదే వీడి మెడకు చుట్టుకుంది. ఇవతలి పెద్దాయన ఒక్క మాట మాట్లాడలేదు. తన దగ్గర అట్లాంటి గురికాడు ఉన్నాడని అవతలివాళ్లు అనుకోవడం ఆయనకు లాభమే మరి.

బాలకృష్ణయ్య కాగితం వైపు చూశాడు. తర్వాత నవ్వాడు. వాడు అట్లా వెకిలిగా నవ్వడం నేను ఎప్పుడూ చూడలేదు. "మీరు నమ్ముతారనుకోలేదప్పా. కాగితం దగ్గర పెట్టుకుని మేకుతో పొడిచినా. క్లబ్బులో గొప్ప కోసం. ఆ పిచ్చోడు పుల్లన్న నిజమనుకుని ఊరంతా చెప్పినాడు."

"అట్లయితే కొట్టి చూపిచ్చు."

పెరట్లో ప్రహరీ మీద సోడాసీసా పెట్టారు. చిన్నపిల్లవాడు రాయి విసిరినా తగిలే దూరం. వీడు పెట్టె తెరిచి పిస్తోలు తీశాడు. చెయ్యి చాచాడు, ఊపిరి బిగబట్టాడు. అది మాత్రం అలవాటు, దాచుకోలేకపోయాడు. గొట్టం సీసా మీద నిలబడి రవ్వంతైనా కదలకపోవడం నేను చూశాను. తర్వాత మణికట్టు వదిలేశాడు. మొదటి తూటా గోడకు తగిలి మన్ను రాలింది. రెండోది గోడ దాటిపోయింది. మూడోది వాడి కాళ్ల ముందే భూమిలో దిగబడింది, వాడు బెదిరి ఎగిరి దూకాడు. ఆ దూకడం కూడా నటనేనని నాకు తెలుసు.

బంగళా అంతా నవ్వు. ఇవతలివాళ్లూ నవ్వారు, గేటు దగ్గర పోలీసులూ నవ్వారు. అవతలి పెద్దాయన కళ్లు తుడుచుకుంటూ, "పో అప్పా పో, పోయి నగలు చేసుకో. ఆ రామన్నను ఇంటికి రమ్మను. ఆ పుల్లన్న గాడు అనవసరంగా కోతలు కోసి సచ్చె" అన్నాడు.

ఒక ప్రాణం దక్కింది. ఒక చచ్చినవాడు అబద్ధాలకోరు అయ్యాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్టాండులో పెంచలమ్మ వాడి ఎదుటికి వచ్చి నిలబడింది.

"మా ఆయన కోతలు కోసేటోడు కాదప్పా."

"కాదు తల్లీ."

"నువ్వు కావాలనే తప్పిచ్చినావు."

వాడు తల వంచుకున్నాడు. ఏడుపు ఆపుకోలేక పెట్టె మీదే కూర్చుండిపోయాడు.

"నా మరిది బతికినాడు, అది సాలు. కానీ ఇంగ ఊర్లో అందురూ మా ఆయన్ను అబద్దాలోడంటారు. నేనూ ఔననాల. నా బిడ్డల ముందర గూడా ఔననాల" అంది. ఆమె ఏడవలేదు. ఆ రోజు ఆమె ఏడ్చి ఉంటే నాకు ఇన్నేళ్లు నిద్ర పట్టేది.

బాలకృష్ణయ్య ఆ పిస్తోలు స్టేషన్లో ఇచ్చేశాడు, మళ్లీ విడిపించుకోలేదు. కడప బస్సు ఎక్కలేదు. వీధిలో పిల్లలు 'గురి శెట్టి' అని ఎగతాళి చేస్తే తలూపి నవ్వేవాడు. రామన్న పిల్లల పెళ్లిళ్లకు పుస్తెలు తన చేత్తోనే చేసి ఇచ్చాడు. ఆ చెయ్యి చివరిదాకా వణకలేదు.

పెద్దదినం నాడు ఆ పళ్లికిలించినవాడు ఆ మాటన్నప్పుడు పెంచలమ్మ పంక్తి చివర కూర్చుని ఉంది. ముసలిదైపోయింది. రామన్న పక్కనే ఉన్నాడు. "ఔ నాయనా, శెట్టికి గురే తెలీదు. మా ఆయనే ఉత్త కోతలు కోసె" అంది గట్టిగా, అందరికీ వినపడేటట్టు. ముప్ఫై ఏళ్లుగా చెప్పిచెప్పి ఆ మాట ఆమె నోట అరిగిపోయింది.

చెయ్యి కడుక్కోవడానికి బయటికి వచ్చినప్పుడు నేను అడిగాను, ఇది రాయమంటావా అని. రామన్న వైపు, వాడి మనవళ్ల వైపు చూసింది. పెద్దలిద్దరూ చచ్చారు, ఇంక ఎవరి లెక్కలోనూ ఎవరూ లేరు.

"రాయప్పా" అంది. "మా ఆయన జెప్పింది నిజమని రాయి. అన్నీ ఒగే బొక్కలోనే పోతాండె అని రాయి."