డ్రెయిన్‌లో నా అడ్డుకట్ట

ఇన్నేళ్ళూ ఈ మాట గొంతులో చేపముల్లులా ఉంది. మింగలేకపోయాను, కక్కలేకపోయాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీతో చెబుతున్నాను. తెలిసినవాళ్ళతో చెప్పే ధైర్యం ఉంటే ఇంతదాకా రానిచ్చేవాడినా?

నేను బడిపంతులిని. రామచంద్రపురం దగ్గర మా ఊళ్ళో కాస్త పొలం ఉంది. దాళ్వా, అంటే రెండో పంట, చివర్లో కాలువలకి నీళ్ళు కట్టేస్తే, మురుగు డ్రెయిన్‌కి అడ్డంగా మట్టి బస్తాలు వేసి, నిలిచిన నీటిని ఇంజనుతో చేలోకి తోడుకుంటాం. వాన వచ్చేలా ఉంటే ఆ అడ్డుకట్ట వెంటనే తీసేయాలి. లేకపోతే ఎగువ చేలు మునుగుతాయి. ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు గానీ ఇది అందరికీ తెలుసు.

ఆ ఏడు నాట్లు ఆలస్యమై నా చేను ఇంకా పాలు పోసుకుంటోంది. ఇంకొక్క తడి కావాలి. నాకు ఎగువన సత్తిబాబు కౌలుకి చేస్తున్న చేను. కోత అయిపోయి, కోసిన వరి పనలు చేలోనే ఆరుతున్నాయి. మబ్బు నల్లగా కమ్ముకునేసరికి అతను బడి గేటు దగ్గరికే వచ్చాడు.

“మేస్టారండీ, అడ్డుకట్ట తీయించేశారా? లేదంటే మనుషుల్ని పిలిచి పనలు ఇప్పుడే కుప్పేయించేసుకుంటానండి.”

“పొద్దున్నే తీయించేశానయ్యా. కంగారు పడకు.”

“ఆయ్. మీరు చెప్పాక ఇంకేంటండి.”

వెళ్ళిపోయాడు. ఎందుకలా అన్నాను? చిన్న జల్లు పడి పోతుందనుకున్నాను. అబ్బే, ఇది కూడా సాకే. నా తడి పోకూడదు, అంతే.

సాయంత్రం గాలివాన విరుచుకుపడింది. డ్రెయిన్ ఎగదన్ని సత్తిబాబు చేలోకి మళ్ళింది. వాన తెరిపి ఇవ్వగానే ఎవరూ చూడకుండా వెళ్ళి బస్తాలు లాగేశాను. అప్పటికే పనలు నీళ్ళలో తేలుతున్నాయి. నీరు తీసేసరికి గింజలన్నీ మొలకలెత్తాయి. ఏ చేను కోసం అబద్ధమాడానో అదీ గాలికి నేలకొరిగింది. నీటికి అడ్డం పడిందని ఊరంతా డ్రెయిన్‌లోని గుర్రపుడెక్క తూడును తిట్టింది. నేనూ తిట్టాను, అందరికంటే గట్టిగా.

సత్తిబాబు కౌలు వదిలేసి రొయ్యల చెరువు మీద కాపలాకి కుదిరాడు. ఇప్పటికీ నేను ఎదురైతే సైకిల్ దిగుతాడు. మొన్న నా ముందే ఎవరితోనో అంటున్నాడు, ఆ రోజు మేస్టారు ముందుగా కట్ట తీయించబట్టే పశువులకి గడ్డి అయినా దక్కిందని. నేను తల ఊపాను. సిగ్గులేకుండా ఊపాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించాల్సింది మీరు కాదు, అతన్ని అడిగే ముఖం నాకు లేదు. అడ్డుకట్ట నేను తీయలేదు. సత్తిబాబు పంట ముంచింది నేనే. రాసేశాక కాస్త ఊపిరాడుతోంది. అలా ఆడుతున్నందుకూ సిగ్గుగానే ఉంది.