చీర కింది చొక్కా

"ఆ చొక్కా ఎవురిదబ్బా?"

ధర్మవరంలో పట్టుచీరల దుకాణం నడిపే ఆదినారాయణ, పని అడగడానికి వచ్చిన మసూద్‌ను మొట్టమొదట అడిగిన మాట ఇది. పేరు అడగలేదు. ఏం చదివావని అడగలేదు. భుజం కుట్టు మోచేతి వైపు జారిపోయిన ఆ నీలం గీతల చొక్కాను పైనుంచి కిందికి చూసి నేరుగా అదే అడిగాడు.

"మా బామ్మర్దిది సార్," అన్నాడు మసూద్. ఆ క్షణానికి అబద్ధం తట్టలేదు.

"మీ బామ్మర్ది బాగా తింటాడే! సరేలే, గోడౌన్లో చీరలు మడత పెట్టు. నీ కొలతకు నీ చొక్కా ఉండే రోజు వచ్చి చెప్పు. పరుపు మీదికి పిలుస్తా."

పరుపు అంటే ఏమిటో పట్టుచీరల దుకాణం గడప తొక్కినవాళ్లకు తెలుసు. తెల్లదుప్పటి పరిచిన ఆ పరుపు మీదే బేరమంతా. అమ్మేవాడు చీర తర్వాత చీర విప్పి పరుస్తాడు. కొనేవాళ్లు అటూ ఇటూ ఊగుతున్నప్పుడు లేచి నిలబడి, ఆ చీరను తన చొక్కా ప్యాంటు మీదే కట్టుకుని చూపిస్తాడు. కుచ్చిళ్లు బెల్టులోకి, కొంగు ఎడమ భుజం మీదికి. మీసాలున్నవాడు కట్టుకున్నా ధర్మవరంలో ఎవరూ నవ్వరు. అదొక పనితనం. గోడౌన్లో జీతం తొమ్మిది వేలు. పరుపు మీద పద్నాలుగు వేలు, అమ్మిన చీరకు ఇంత అని కమీషన్ వేరే.

మసూద్ ఉండేది పెనుకొండలో. రోజూ రైల్లో ధర్మవరం వచ్చి పోతాడు. ఇంట్లో భార్య కౌసర్, రెండేళ్ల కూతురు, తండ్రి హజరత్‌వలి. తొమ్మిది వేలు నెల మూడో వారం దాకా కూడా రావు. కాబట్టి అతని కోరిక చాలా చిన్నది, చాలా స్పష్టమైనది: పరుపు ఎక్కాలి, ఎక్కి అక్కడే నిలవాలి. అడ్డంగా ఉన్నది ఒక చొక్కా.

మనిషికి గుణం ముఖ్యం, బట్టలదేముంది అని చెప్పే పెద్దమనుషులకు మనకు కొదవ లేదు. ఇస్త్రీ మడత నలగని పంచె కట్టుకుని మరీ చెబుతారు. అలాంటివాళ్లలో ఒక్కరైనా ఏ కౌంటరు దగ్గరైనా బామ్మర్ది చొక్కాతో నిలబడి ఉద్యోగం అడిగారా అన్నది నా అనుమానం.

మసూద్ రైల్లో కూర్చుని ఫోనులో వీడియోలు చూసేవాడు. తక్కువ ఖర్చులో స్టైలుగా ఉండడం ఎలా అని ఒక గడ్డం కుర్రాడు చెబుతుంటాడు. అతని లెక్కలో తక్కువ ఖర్చు అంటే చొక్కా రెండు వేలు, బూట్లు ఐదు వేలు. మసూద్ నవ్వుకుని ఆ ధరలు వదిలేసి ఒక్క మాట మాత్రం పట్టుకున్నాడు. గుడ్డ ఏదైనా కానీ, ఒంటికి అతికినట్టు ఉండాలి. అది మాత్రం అతనికి ఉచితం. తండ్రి దర్జీ.

హజరత్‌వలి ఒకప్పుడు చుట్టుపక్కల ఊళ్ల పెళ్లికొడుకులకు ప్యాంటు చొక్కా కుట్టినవాడు. రెడీమేడ్ వచ్చాక మిగిలింది ప్యాంటు కాళ్లు కత్తిరించడం, జిప్పులు మార్చడం. రెండు కళ్లలోనూ పొర వచ్చింది. ఆపరేషన్ ఉచితంగా చేస్తారన్నా పోడు. "నెల్లాళ్లు మిషన్ ఎక్కగూడదంటారు. ఆ నెల నువ్వు పెడతావా కూడు?" అంటాడు.

ఆదివారాల్లో మసూద్ హిందూపురం పోయేవాడు. విదేశాలకు పంపే బట్టల ఫ్యాక్టరీలలో తిరగగొట్టిన చొక్కాలు అక్కడ టార్పాలిన్ మీద కుప్పలు పోసి అమ్ముతారు. నూరూ నూట ఇరవైకి ఒకటి. అమ్మేవాడి నోట్లో కన్నడం తెలుగు కలిసే వస్తాయి.

"ఎంతసేపప్పా ఆ కుప్ప కెలికేది? కోడివా ఏమి? దుడ్లు తీయి, తీస్కపో."

"కాలరు చూస్తాండా అన్నా."

"కాలరు బాగుంటే ఈడికెందుకొస్తాదబ్బా? ఫారిన్ పోయుండేది కదా."

మసూద్ కంపెనీ పేరు చూడడు. ఎటూ దాన్ని కత్తిరించేసి ఉంటారు. గుడ్డ మందం చూస్తాడు, కాలరు నిలబడుతుందా చూస్తాడు, ఎప్పుడూ తనకంటే పెద్ద కొలతే ఏరుకుంటాడు. పెద్దదాన్ని చిన్నది చేయొచ్చు. ఇంటికి తెస్తే తండ్రి భుజాలు విప్పి, పక్కలు లోపలికి కుట్టి, చేతులు తగ్గించి, అది మసూద్ కోసమే పుట్టిన చొక్కా అన్నట్టు చేసి ఇచ్చేవాడు.

"జేబు తీసేయ్ నాయనా."

"జేబు లేకుంటే బీడీలు యాడ పెట్టుకుంటావురా, నెత్తినా?"

"నేను బీడీ తాగను కదా."

"ఆ సేటు కింద పని చేస్తే నువ్వే తాగుతావులే."

జేబు తీయించడం వెనుక కారణం ఉంది. ఎడమ రొమ్ము మీద కొంగు చదునుగా పడాలి. జేబు ఉంటే అక్కడ ఎత్తు కనిపిస్తుంది. ఇలాంటివి మసూద్ గోడౌన్ గుమ్మంలో నిలబడి, పరుపు మీదివాళ్లను చూసి నేర్చుకున్నాడు. బూట్ల మీద రూపాయి పెట్టలేదు. అవి బయటే విడుస్తారు, ఎవరూ చూడరు. ఆ డబ్బుతో మంచి సాక్సులు కొన్నాడు. వాచీ లేదు, ఉంగరం లేదు. పట్టుకు లోహం పడదు. బెల్టు బకిలుకు గుడ్డ తొడుగు కుట్టించాడు.

రెండు చొక్కాలు చేతికి రాగానే ఆదినారాయణ ముందు నిలబడ్డాడు. ఆయన మాట మీద నిలబడ్డాడు, పరుపు మీదికి పిలిచాడు. మొదటిరోజే మసూద్ తప్పు చేశాడు. వీడియో కుర్రాడు మగవాళ్లకు బాగుంటుందన్న ముదురు నీలం చొక్కా వేసుకుని వచ్చాడు. నిజంగానే బాగున్నాడు. దాని మీద గులాబీ రంగు చీర కట్టుకుంటే చీర వెలిసిపోయినట్టు కనిపించింది.

"నిన్ను చూసేకి వచ్చినారా, చీర చూసేకి వచ్చినారా?" అన్నాడు ఆదినారాయణ.

"ఏమప్పా మసూదూ, ఈ పొద్దు పెండ్లికూతురువా, పెండ్లికొడుకువా? ఏదో ఒకటి తేల్చుకో," అన్నాడు సురేష్. అక్కడ అందరికంటే పాత సేల్స్‌మ్యాన్ అతను.

ఆ తర్వాత తెలుపు, మీగడ రంగు, లేత బూడిద రంగు, అంతే. కొన్ని నెలల్లో ఆరు చొక్కాలు, రెండు ప్యాంట్లు పోగయ్యాయి. ఆ ముదురు నీలం చొక్కాతో సహా మొత్తం ఖర్చు రెండు వేలు దాటలేదు. అతన్ని చూసినవాళ్లు జీతం ఇరవై వేలు అనుకునేవారు. "ఆ తెల్లచొక్కా ఆయన్నే కట్టమనండి" అని ఆడవాళ్లు అడిగేవారు. సురేష్‌కు అది నచ్చలేదు, అయినా కుచ్చిళ్లు పట్టడంలో మెళకువ తనే నేర్పాడు. మనుషులు ఒకే రంగులో ఉండరు.

పెళ్లిళ్ల రోజుల్లో బెంగళూరు నుంచి ఒక కుటుంబం వచ్చింది. ముహూర్తం చీర కావాలి. పొద్దున్నుంచి చూసి చూసి కుంకుమ రంగు చీర దగ్గర ఆగారు. ముప్పై ఎనిమిది వేలు. పెళ్లికూతురు తల్లి మసూద్‌ను చూపించి కట్టమంది. ఆ రోజు అతను కొత్త మీగడ రంగు చొక్కా వేసుకున్నాడు. ముందురోజు సాయంత్రమే తండ్రి చేతులు తగ్గించి ఇచ్చాడు.

మసూద్ కుచ్చిళ్లు దోపుకున్నాడు. కుడిచేత్తో కొంగు పట్టి ఎడమ భుజం మీదికి లాగాడు. సర్రుమని చప్పుడు. పరుపు మీద ఉన్నవాళ్లందరూ విన్నారు. కొంగు మధ్యలో జరీ పోగులు పైకి లేచి, జానెడు పొడవున గీత పడింది.

"అయ్యయ్యో," అంది పెళ్లికూతురు తల్లి. చీర చిరిగినందుకు కాదు, ముహూర్తం చీర కళ్లముందే చిరిగినందుకు. ఇంకో చీర చూపిస్తామన్నా కూర్చోలేదు. కుటుంబమంతా లేచి వెళ్లిపోయింది.

ఆదినారాయణ అరవలేదు. మసూద్ కుడిచేయి పట్టుకుని మణికట్టు దగ్గరి పట్టీ తిప్పి చూశాడు. మడతలోంచి గుండుసూది మొన బయటికి వచ్చి ఉంది. కొలత నిలవడానికి కుట్టేముందు గుచ్చేది. దాన్ని మెల్లగా లాగి బల్ల మీద పెట్టాడు.

"ఇదెవురిదప్పా?"

"మా నాయనది సార్."

"మీ ఇంట్లో అందురివీ నీ ఒంటి మీదనే ఉంటాయే!"

చీర ధర మసూద్ పేరున రాశారు. పోగులు కలిపి కుట్టే రఫూ పనివాడికి ఇచ్చారు. అతని కూలి ఎనిమిది వందలు కూడా మసూద్ పేరునే పడింది. రఫూ బాగానే చేశాడు, వెలుగుకు పట్టి చూస్తేనే తెలుస్తుంది. పెళ్లికి కొనేవాళ్లు వెలుగుకు పట్టకుండా కొనరు.

"సార్, మీరు కొన్న రేటు ఏసుకోండి. అమ్మే రేటు ఎట్ల సార్?" అని బతిమాలాడు మసూద్.

"అమ్మే రేటుకు అమ్ముడుపోతాంటే కదప్పా నువ్వు చించింది?"

దానికి ఎదురు చెప్పడం కష్టం. అది న్యాయం కాబట్టి కాదు, బల్లకు అటువైపు కూర్చున్నది ఆయన కాబట్టి. మసూద్ తిరిగి గోడౌన్‌కు వెళ్లాడు. తొమ్మిది వేలలో నెలకు రెండు వేలు కోత.

ఇక్కడ, ఈ సంగతి తండ్రికి చెప్పకుండా కొడుకు కడుపులో దాచుకున్నాడని రాస్తే చదవడానికి హాయిగా ఉంటుంది. దాచుకోలేదు. ఆ సాయంత్రమే ఇంటికి పోయి గుండుసూదిని మిషన్ మీద పడేశాడు.

"నీ సూది నా పని తీసింది నాయనా."

"నేను పెట్టినవన్నీ తీసినా."

"ఇది ఆకాశం నుంచి పడిందా మరి? కండ్లు కనపడకుంటే కుట్టేదెందుకు?"

"యాడ పెట్టినావు? ఏదీ, చూడనీ," అంటూ హజరత్‌వలి మిషన్ పలక మీద చేత్తో తడిమాడు. సూది ఆయన వేళ్లకు బెత్తెడు దూరంలో ఉంది. అటు తడిమాడు, ఇటు తడిమాడు. వేలికి గుచ్చుకుంటే గానీ అది ఎక్కడుందో తెలియలేదు. వేలు నోట్లో పెట్టుకున్నాడు.

"ఇంగ నీ చొక్కాలు నువ్వే కుట్టుకో," అన్నాడు.

అప్పటినుంచి తండ్రీ కొడుకులు కౌసర్ ద్వారానే మాట్లాడుకుంటున్నారు. "అన్నం తింటాడేమో అడుగు" అని ఒకరు, "తిన్నానని చెప్పు" అని ఒకరు. ఇద్దరూ అదే గదిలో ఉంటారు. హజరత్‌వలి ఆపరేషన్‌కు పోలేదు. మిషన్ మాత్రం ఆపలేదు.

చీర వృథా పోలేదు. ఆదినారాయణ దాన్ని దుకాణం ముందు అద్దాల పెట్టెలోని బొమ్మకు కట్టించాడు. చిరిగిన కొంగు గోడ వైపు తిప్పారు. దాన్ని చూసి లోపలికి వచ్చి వేరే చీరలు కొన్నవాళ్లు చాలామందే ఉన్నారు. దుమ్ము పడకుండా వారానికోసారి విప్పి మళ్లీ కట్టాలి. ఆ పని మసూద్‌దే. కుచ్చిళ్లు అంత బాగా పట్టేవాడు అక్కడ ఇంకొకడు లేడు మరి.

"బాకీ తీరితే ఆ చీర నీదేలేప్పా, మీ ఆడమనిషికి కట్టు," అన్నాడు ఆదినారాయణ ఒకసారి. ఎగతాళికి కాదు, నిజంగానే దయతో అన్నాడు.

"పరుపు మీదికి సార్?"

"అదీ బాకీ తీరినాకే చూస్తాం."

గోడౌన్లో పాత టీషర్టు చాలు. చొక్కాలు ఇస్త్రీ చేసి ప్లాస్టిక్ కవర్లో పెట్టి కొక్కేనికి తగిలించి ఉన్నాయి. కూతురు మురికిచేత్తో వాటిని ముట్టుకోబోతే మసూద్ అరుస్తాడు.

"ఊరికే చీకిపోతాయి, ఏసుకోరాదా?" అంది కౌసర్.

"ఆడ నన్నెవరు చూస్తారు?"

ఎనిమిది నెలల కోత పోగా, రఫూ కూలితో కలిపి, ఆ చీర మీద మసూద్ ఇంకా ఇరవై రెండు వేల ఎనిమిది వందలు కట్టాలి.