పులుపు కాదు, ఆమ్లం

మా ఆవిడ మంచం మీద కదలకుండా కూర్చునే, పరుగెత్తి వచ్చిన మనిషిలా నిండుగా ఊపిరి తీసి వదిలేది. ఉబ్బసమంది మా అక్కగారు. ఉబ్బసమైతే పిల్లికూతలేవీ?

అమలాపురంలో డాక్టరుగారు రక్తపరీక్ష చూసి, "కిడ్నీలు ఆమ్లాన్ని బయటికి పంపట్లేదండీ. రక్తంలో పేరుకుపోయింది" అని సోడా మాత్రలు రాశారు. ఏం తినాలో ఆయన చెప్పలేదు, మేం అడగలేదు.

ఆమ్లమంటే పులుపేగా! ఇంటికి రాగానే అక్క చింతపండు డబ్బా అటకెక్కించేసింది. ఒంట్లో పులుపు కడిగేస్తుందని పూటకో కొబ్బరిబొండం పట్టించడం మొదలెట్టింది.

"ఒక్క గరిటె... చారు... పోయించండి. ముద్ద... దిగట్లేదు" అనేది ఆవిడ. రెండు మాటలకోసారి ఆగాల్సిందే.

నాకు ఒళ్లు మండింది. బడి చిన్నప్పుడే మానేసినా, పుస్తకం మానినవాణ్ణి కాను. మనవరాలి ఇంటర్ పుస్తకం తీశాను. మనం ఏం తిన్నా ఒంట్లో ఆమ్లం పుడుతూనే ఉంటుందట. రక్తంలో ఉన్న సోడాయే దాన్ని అప్పటికప్పుడు అణిచి, కొంత గాలిగా మారుస్తుంది. ఆ గాలిని ఊపిరితిత్తులు ఊదేస్తాయి. మిగిలిన ఆమ్లం మూత్రపిండాల వంతు. అవి చేతులెత్తేస్తే ఆ చాకిరీ కూడా ఊపిరే మొయ్యాలి. ఈవిడ ఒగర్పు అదన్నమాట.

"అక్కా, మన రొయ్యల చెరువులో ఆమ్లం పెరిగి పీహెచ్ పడిపోతే సున్నం జల్లుతాం గానీ, మేత మాన్పించి కూర్చుంటామా?"

"నీ పెళ్లాం రొయ్యేట్రా?" అంది అక్క.

ఊపిరి నెమ్మదించకపోయేసరికి మళ్లీ ఆస్పత్రికెళ్లాం. అక్క సంచిలో బొండంతో సహా వచ్చింది. "చింతపండు మాన్పించేసేనండీ. రోజూ బొండాలే పట్టిస్తన్నాను" అని గర్వంగా చెప్పింది.

డాక్టరుగారు కలం కింద పెట్టేశారు. "చారు ఓ గరిటె పొయ్యండి మామ్మగారూ, ఆ పులుపు ఈ ఆమ్లం కాదు. ఆపాల్సింది బొండాలు. వాటిలో పొటాషియాన్ని ఈ కిడ్నీలు బయటికి పంపలేవు. గుండె ఆగిపోగలదు."

"కోనసీమలో పుట్టి, బొండం పనికిరాదంటే ఎలాగండీ?" అంది అక్క. అంటూనే సంచి మూతి ముడేసింది.

సోడా మాత్రలు పెంచారు. కొన్నాళ్లకి ఒగర్పు తగ్గింది. చింతపండు డబ్బా అక్కే దింపి, చారు కాచి, అన్నంలో పోసింది.

మా ఆవిడ ఒక ముద్ద మింగి తలెత్తింది. "ఇంగువ వెయ్యడం మర్చిపోయి, ఉప్పు కూడా చాలకుండా కాచేవేంటి వదినా ఈ చారు!"

మధ్యలో ఎక్కడా ఆగలేదు.