బొమ్మ నోరు మూసుకున్నాక వచ్చిన మాట

ఆ మాట ఆమె నోరు జారి వచ్చిందా, తెలిసే అన్నదా? ఇన్నేళ్లయినా నేను తేల్చుకోలేకపోతున్నాను. ఆమెనే అడుగుదామంటే, ఆ రోజు తర్వాత మళ్లీ కనపడలేదు.

డబ్బింగ్ థియేటర్లో అందరం ఆమెను పాపగారు అనేవాళ్లం. యాభై ఆరేళ్ల మనిషి. బొమ్మల సినిమాల్లో చిన్నపిల్లలకు గొంతు ఆమెదే. మైకు ముందు మునివేళ్ల మీద నిలబడి చెప్పేది. ఎందుకండీ ఆ అవస్థ అని ఒకసారి అడిగాను.

"మడమ ఆనిందంటే నా వయసు గొంతులోకి ఎక్కేస్తుందండీ" అంది.

ఆ సినిమాలకు మన భాషలో మాటలు రాయడం నా పని. తెర మీద బొమ్మ నోరు తెరిచి మూసేలోగా మాట అయిపోవాలి. అద్దానికి ఇవతల మేము, అవతల ఆమె ఒక్కతే. ఎవరి మాటలు వాళ్లు విడిగా వచ్చి చెప్పి పోతారు. తల్లి పాత్రలకు చెప్పే ఆవిడ వేరే రోజుల్లో వచ్చేది. ముప్పై ఏళ్లుగా పాపగారు ఆవిడను "అమ్మా" అని పిలుస్తూనే ఉంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు ఎరగరు.

ఓ రోజు టీ తాగుతూ, ఇంట్లో ఎవరెవరుంటారని అడిగాను.

"గోడలుంటాయండీ. మంచివే పాపం, ఎదురు చెప్పవు" అని నవ్వింది. నేను కూడా నవ్వి ఊరుకున్నాను. ఇంకో మాట అడిగి ఉండాల్సింది.

ఆ ఏడు మా చేతికొచ్చిన సినిమా, ఏడాదిపాటు చదువుకోవడానికి పరాయి దేశం వెళ్లిన నలుగురు పిల్లల కథ. వీళ్లు అక్కడివాళ్ల ఇళ్లలో ఉంటారు, అక్కడి పిల్లలు వచ్చి వీళ్ల ఇళ్లలో ఉంటారు. ఇంటిల్లిపాదీ కూర్చుని నవ్వుకునే సినిమా. నలుగురిలోకీ చిన్నదానికి పాపగారి గొంతు.

డబ్బింగ్ దర్శకుడు కొత్తవాడు. రెండు రోజుల పని విని పెదవి విరిచాడు.

"గొంతులో వయసు తెలిసిపోతోందమ్మా. రేపు ఆ ఫోను సీను చెప్పండి. కుదరకపోతే చిన్నపిల్లనే వెతుక్కుంటాం" అని ఆమె మొహం మీదే అనేశాడు.

"అలాగే బాబూ" అంది పాపగారు. ఇది పోతే ఇంకొకటి రాదని అక్కడున్న అందరికీ తెలుసు. ముసలివాళ్ల పాత్రలకు ఆమెను పిలవాలన్న ఆలోచన ఎవరికీ, ఏనాడూ రాలేదు.

మర్నాడు ఆమె రాగానే సౌండు ఇంజనీరు ఎప్పటిలాగే వేళాకోళం మొదలుపెట్టాడు.

"ఏం పాపగారూ, పాలు తాగొచ్చారా?"

"తాగి, మూతి కూడా తుడుచుకొచ్చా. చూసుకో కావాలంటే!"

సీను పడింది. పరాయి ఇంటి మెట్ల మీద కూర్చుని పిల్ల వాళ్లమ్మకు ఫోన్ చేస్తోంది. పాపగారు మునివేళ్ల మీదికి లేచింది.

"బాగానే ఉన్నానమ్మా. వీళ్లు మంచోళ్లే. మరి నా మంచం మీద ఎవరు పడుకుంటున్నారు?"

అచ్చంగా ఎనిమిదేళ్ల పిల్ల. అక్కడితో బొమ్మ నోరు మూసుకుంది. నేను రాసిందీ అంతే. అప్పుడు వినపడింది, చాలా నెమ్మదిగా:

"ఒక్కసారి నన్ను వచ్చేయమనమ్మా."

ఇంజనీరు టేపు ఆపాడు. "పాపగారూ, బొమ్మ నోరు మూసుకుందండీ! మీరింకా మాట్లాడుతున్నారు."

మా పనిలో ఇంతకు మించిన తప్పు లేదు. ముప్పై ఏళ్లలో ఆమె ఒక్కసారి కూడా చేయని తప్పు.

"తప్పయిపోయింది బాబూ. మళ్లీ చెప్తా."

మళ్లీ చెప్పింది. ఈసారి నోటికి మాట సరిగ్గా అతికింది. గొంతు మాత్రం యాభై ఆరేళ్లది. మూడోసారీ అంతే.

"విన్నారుగా" అంటూ దర్శకుడు అవతలి గదికి మా మాటలు వినపడకుండా మీట నొక్కేశాడు. ఇక ఆమెకు అద్దంలోంచి మా చేతులు ఊగడమే కనిపించి ఉంటుంది.

తర్వాతి షాట్లో పిల్ల మనకు వీపు తిప్పి కిటికీలోంచి బయటికి చూస్తుంది. నోరు కనపడదు.

"ఆ మాట అక్కడ పెడదాం" అన్నాను.

"మీరు రాయని మాటండీ అది! పిల్లలు నవ్వుకునే సినిమా, ఏడిపిస్తారా?" అన్నాడు దర్శకుడు.

"ఓ నిమిషం ఏడిస్తే కొంపలేం మునగవు లెండి సార్" అంటూనే ఇంజనీరు మొదటిసారి వచ్చిన ఆ ఒక్క మాటను రెండు సెకన్లు తర్వాతికి జరిపి వేశాడు.

తెర మీద చిన్న వీపు. దాని మీద ఆ మాట. దర్శకుడు మళ్లీ వేయమన్నాడు. చూసి, ఇంకోసారి వేయమన్నాడు.

"సినిమా మొత్తం ఆవిడే చెప్తారు" అన్నాడు చివరికి.

ఆమెకు చెబుదామని మీట నొక్కి, "పాపగారూ!" అన్నాను. అద్దం అవతల గది ఖాళీ. ఆ గదికి నడవలోకి వేరే తలుపుంది. మా వాదనలో ఎవరమూ అటు చూడలేదు.

గబగబా మెట్లు దిగాను. గేటు దగ్గర వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు.

"పాపగారాండీ? వెళ్లిపోయారు. రోజూ నాతో రెండు మాటలాడందే కదలరు, ఇవాళేమో చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడన్నది లేకుండా దిగిపోయారండీ."